గొట్టానికి దాహం

పర్లాకిమిడిలో రెండు రోజుల ట్రైనింగు,
భుజానికో నీలం సంచీ, అందులో పన్నెండు గాజు బుడ్లు.
"గీత దాకా నీళ్లు పట్టాలి, మూత బిగించాలి,
ఒక రాత్రీ ఒక పగలూ కదపకుండా ఉంచాలి.
నల్లబడితే ఆ నీళ్లు తాగేవి కావు."
అంతే చదువు.
మిగతాదంతా కాశీనగర్ నేర్పింది.

ఒక వీధిలో ఒడియాలో అడుగుతారు,
పక్క వీధిలో తెలుగులో.
సంతకి కొండ దిగిన సవర ముసలమ్మ
చూపుతోనే అడుగుతుంది:
ఇంత చిన్న బుడ్డిలో నీళ్లు
ఎవరి దాహానికి?

కిటికీ గట్టు మీద మా మామ సున్నం డబ్బా పక్కకి జరిపి
పన్నెండింటినీ వరసగా నిలబెట్టాను.
రాత్రి రెండుసార్లు లేచాను,
చంటిపిల్ల ఒళ్లు కాలుతోందేమో చూసినట్టు.

తెల్లారేసరికి ఏడో నంబరు
మాడిన పెనం అడుగు.

ఏడో నంబరు మా వీధి కుళాయి.
పట్టిన రోజు ఎంత తేటగా ఉన్నాయో,
బుడ్డి అవతల నా వేలిగీతలు లెక్కపెట్టొచ్చు.

మొన్ననే సుకాంతి అడిగింది,
"పిల్లడికి కాచి పొయ్యాలా అప్పా?"
గ్యాసు బండ ధర నాకు తెలుసు,
ఇటుకబట్టీలో దానికొచ్చే కూలీ తెలుసు.
"సర్కారు నీళ్లే కదా" అన్నాను.
ఆ మూడు మాటలూ ఇప్పుడు
పర్లా ఆసుపత్రిలో ఆ పిల్లడి చేతికి
చుక్క చుక్కగా సెలైనై ఎక్కుతున్నాయి.

వాల్వు తిప్పే సుగ్రీవ బెహరా
బీడీ ఆర్పేసి మట్టిలో పుల్లతో గీశాడు.
ఇది గొట్టం.
ఇది బస్టాండు వెనక మురుక్కాలవ.
ఇది దాని కడుపులోంచి పోతాది.
"పొద్దున్న గంట వదుల్తాను, సాయంత్రం ముప్పావు.
మిగతా రోజంతా గొట్టం ఖాళీ.
ఖాళీ గొట్టానికి దాహమేస్తాదమ్మా.
దానికెవులు పోస్తారు?
పగుల్లోంచి పక్కనున్నదే తాగుతాది."

"మరి మీ ఇంట్లో?"

పుల్ల విరిచి పారేశాడు.
"మా యింటిది కొండ ఊటనించి తెస్తాది."

రిజిస్టరు ఒడియాలో నింపాలి.
తేదీ, చోటు, రంగు.
సుకాంతికి నేను చెప్పింది రాయడానికి
అందులో గడి లేదు.
ఇంజనీరు బాబు ఫోన్లో విసుక్కున్నాడు:
"ఒక్క బుడ్డే కదా, మళ్లీ పట్టి చూడు.
వంశధార ఎర్రగా పారే రోజులు."
నిజమే, ఏరు ఎర్రగానే ఉంది.
ఎర్రవైతే గుడ్డతో వడకడతాం, పటిక తిప్పుతాం.
తేటగా వచ్చి కూర్చున్నవాటిని
ఏమని అనుమానిస్తాం?

ఐదున్నర.
కుళాయి దగ్గింది, గాలి కక్కింది, తర్వాత నీళ్లు.
బిందెల వరస.
నేనేమీ అనలేదు.
నల్లబుడ్డి తీసి దిమ్మ మీద పెట్టాను.
దిష్టి తీసిందేమోనని
ఒకామె కొంగు సర్దుకుని ఎడంగా జరిగింది.
దండపాణి మాస్టారు కళ్లజోడు పైకి నెట్టి,
"ఏం కలిపావమ్మా ఇందులో?"

"ఏమీ కలపలేదండి.
ఒక రాత్రీ ఒక పగలూ
ఊరికే చూశాను."

వరస కదల్లేదు, చెదరలేదు.
ఎవరిదో స్టీలు బిందె నిండి పొర్లుతోంది.
తవిటమ్మ ఒకటే
చంకనెత్తుకున్న బిందెని దించి,
ఒక ఘడియ దాని నోట్లోకి చూసి,
మొత్తం గుమ్మరించేసింది.

ఆ నీళ్లు నా చెప్పులు తడిపి,
రాళ్ల మీంచి జారి,
మాస్టారి గోడ మలుపు తిరిగి
బస్టాండు వెనక కాలవలో కలిశాయి.

ఆరున్నరకి సుగ్రీవ వాల్వు కట్టేస్తాడు.
అక్కడ, మురుగులో,
పెదవి పగిలిన గొట్టం
కాచుక్కూచుంది.